మా గల్లీ పేరు

ఊరి పేరు చెప్పుకొనుటకు ఎవరైనా సిగ్గుపడతారా? మనవాళ్ళు షోలాపూరులో ఉన్నా, బళ్ళారిలో ఉన్నా, బరంపురంలో ఉన్నా, ఇద్దరు కలిసినచో మొదట అడిగేది ఇంటిపేరు, తరువాత ఊరి పేరు. ఆ రెండూ తెలిసిన పిమ్మటనే మంచినీళ్ళు, మర్యాదలు. కాని మా ఇంట్లో చాలా ఏండ్లపాటు ఆ రెండవ ప్రశ్నకు తిన్నని జవాబు లేదు. "బొంబాయిలో ఎక్కడ ఉంటారు?" అని అడిగినవారికి మా నాయన "బొంబాయి సెంట్రల్ దగ్గర" అనేవాడు. అది అబద్ధం కాదు. స్టేషను మాకు నడిచిపోయేటంత దూరమే. అయితే అది పూర్తిగా నిజమూ కాదు. మేము పుట్టి పెరిగినది కామాఠిపురం.

ఈ పేరు వినగానే లోకానికి తోచేది ఒక్కటే సంగతి. సినిమాలూ పత్రికలూ గూడ దానినే చూపినవి. కాని ఆ పేరులో ఉన్న కామాటీలు ఎవరు? నిజాము రాజ్యం నుండి పొట్ట చేతబట్టుకొని వచ్చిన మన తెలుగు కూలివాళ్ళు. కామాటి అనగా కూలిపని చేసేవాడని మన నిఘంటువులే చెప్పుచున్నవి. పూర్వం బొంబాయి ఏడు దీవులు. పోటు వచ్చినప్పుడెల్ల సముద్రపు నీరు వర్లి గండి గుండా లోపలికి వచ్చి పల్లపు నేలలను ముంచేది. గవర్నరు హార్న్‌బీ కాలంలో మొదలైన కట్టతో 1784 నాటికి ఆ గండి పూడినది. నీరు తీసిన బురద నేలలో మట్టి పోసి, రాళ్ళు పరచి, బాటలు వేయుటకు చేతులు కావలసి వచ్చినవి. ఆ పనులకు వచ్చినవారిలో మనవాళ్ళూ ఉన్నారు. వారు గుడిసెలు వేసికొన్న చోటే కామాఠిపురం. 1854లో పక్కనే తార్‌దేవులో బొంబాయి మొదటి నూలుమిల్లు కంపెనీ ఏర్పడిన పిమ్మట మగ్గం తెలిసినవారూ వచ్చి చేరినారు. కూలివాళ్ళలో నుండి కాంట్రాక్టర్లు గూడ పైకి వచ్చినారు. 1873లో జ్యోతిరావు ఫూలే పుణెలో సత్యశోధక సమాజం స్థాపించినప్పుడు ఆయనకు అండగా నిలిచినవారిలో బొంబాయి తెలుగువారు ఉన్నారు. రామయ్య వెంకయ్య అయ్యవారు వారిలో ఒకరు. తెల్లవారి ప్రభుత్వ కాలంలో కొన్ని గల్లీలలో ఆ వ్యాపారపు ఇండ్లు వెలసినవి. నాలుగు గల్లీల చెడ్డపేరు వాడ మొత్తానికి అంటుకొన్నది.

మా గల్లీలకు పేర్లు లేవు, నంబర్లే. ఒకటో గల్లీ, రెండో గల్లీ అని వరుస. మా చాలు రెండంతస్తులది, కర్ర మెట్లు, ముందు పొడుగాటి వసారా. మాది ఒక్క ఖోలీ. పన్నెండడుగుల పొడుగు, పదడుగుల వెడల్పు. ఒక మూల స్నానానికి, అంట్లకు మోరీ. పైన అటక. అందులో తాత, నాయనమ్మ, అమ్మ, నాయన, చిన్నాయన, మేము నలుగురు పిల్లలము. నాయనమ్మను మేము అవ్వ అనేవారము. చిన్నాయనది రాత్రి పాళీ, నాయనది పగటి పాళీ. కనుక ఇద్దరికీ కలిపి ఒకటే పరుపు. ఒకరు లేచిన వేడి ఆరకముందే మరొకరు పడుకొనేవారు. వానలు లేని రోజులలో మగవాళ్ళు వసారాలోనో ఫుట్‌పాత్ మీదనో పండుకొనేవారు.

తెల్లవారుజామున నాలుగు గంటలకు నల్లా వచ్చేది. చాలు మొత్తానికి ఒకే నల్లా. బిందెల చప్పుడుతోనే మాకు మెలకువ. ఆ వెంటనే మిల్లు భోంగా మోగేది. నాయన డబ్బా పట్టుకొని సాత్ రాస్తా వైపు మిల్లుకు పోయేవాడు. తాత నాకా మీద నిలబడుటకు పోయేవాడు. మేస్త్రీ వచ్చి వేలు చూపినవారికి ఆ రోజు కూలి, తక్కినవారికి ఇంటిదారి. అవ్వ గూడ వయసులో ఉన్నప్పుడు ఇనుప గమేళాతో సున్నం మోసినదే. నడినెత్తి మీద రూపాయి బిళ్ళంత చోట ఆమెకు వెంట్రుకలు మొలవలేదు. మేము దాన్ని తడిమి చూస్తే, "ఎన్ని మేడలకో మోసిన బిడ్డా, మనకే ఒక్కటి లేకపాయె" అని నవ్వేది. అమ్మ ఇంట్లో బీడీలు చుట్టేది. తునికాకు వాసన మా బట్టలకు, పుస్తకాలకు, అన్నానికి గూడ పట్టేది.

మేము చదివినది మునిసిపాలిటీవారి తెలుగు బడిలో. బొంబాయి మునిసిపాలిటీ ఎనిమిది భాషలలో బడులు నడిపినది. వాటిలో తెలుగు ఒకటి. బడిలో పంతులుగారు "వచ్చుచున్నాను" అని వ్రాయించేవారు. ఇంట్లో అవ్వ "వస్తున్న" అనేది. గల్లీలో దోస్తులతో మాటంతా మరాఠీ, హిందుస్తానీ కలిసిన కిచిడి. ఆ మూడింటిలోనూ మేము ఒకరినొకరము తిట్టుకోగలిగేవారము.

బతుకమ్మ వచ్చినదంటే నాయన దాదరు పూలబజారుకు పోయి బంతిపూలు మోసుకొని వచ్చేవాడు. తంగేడు దొరకదు, గునుగు దొరకదు. "ఉన్న పూలతోనే అమ్మ మెచ్చుకుంటది" అనేది అవ్వ. చాలు ముందర ట్రాములాగ పొడుగైన వరుసలో ఆడవాళ్ళు నిలబడి, చప్పట్లు కొట్టుచూ తిరిగేవారు. మరాఠీ ఇరుగుపొరుగు మెట్ల మీద కూర్చుండి చూచేవారు. పక్క గల్లీ నుండి ముగ్గురు నలుగురు ఆడవాళ్ళు వచ్చి, దీపస్తంభం అవతలనే ఆగి నిలబడేవారు. వాళ్ళు దగ్గరకు రారు, వీళ్ళు పిలువరు. ఆట అయిన పిమ్మట అవ్వ ఒక్కతే సత్తుపిండి పళ్ళెం పట్టుకొని స్తంభం దాకా పోయేది.

ఆ గల్లీలోకి పోవద్దని మాకు గట్టి కట్టడి. కాని ఒక ఏడు ఆషాఢంలో పోవలసి వచ్చినది. బడి విడిచే వేళకు కుండపోత వాన. ఎన్ని బాటలు వేసినా మా వాడ పూర్వపు పల్లపు నేలే కదా! సముద్రానికి పోటు, పైన వాన. మోరీలు ఎదురు తన్నినవి. నీరు మా మోకాళ్ళ నుండి నడుములకు, నడుముల నుండి రొమ్ములకు వచ్చినది. చిన్నోని సంచి కొట్టుకొని పోయినది. ఏడ్చుచూ గోడ పట్టుకొని నిలబడి ఉండగా, పై మెట్ల నుండి ఒకామె దిగి వచ్చి ముందు చిన్నోని, తరువాత మా చేతులను పట్టి పైకి లాగినది. ఆ ఖోలీ గూడ మా ఖోలీ అంతే. గూట్లో ఎల్లమ్మ పటం, ముందు దీపం. ఆమె మాకు టీ కాచి ఇచ్చినది. మేము ఏడ్చిన ఏడుపు తెలుగులోనిది కనుక ఆమె గూడ తెలుగులోనే అడిగినది:

"ఏ ఊరు బిడ్డా మీది?"

మేము నల్లగొండ దగ్గరి మా పల్లె పేరు చెప్పి, "మరి మీది?" అని అడిగినాము. ఆమె చెప్పలేదు. తువ్వాలు తెచ్చి చిన్నోని తల తుడిచినది.

చీకటి పడినాక నాయన వెదకుకొనుచు వచ్చినాడు. మెట్ల కిందనే నిలబడి మమ్ములను పేరు పేరునా పిలిచినాడు. ఆమె వైపు చూడలేదు, ఒక మాట గూడ అనలేదు. ఇంటికి వచ్చినాక, "ఎక్కడ ఉన్నారంటే బడిలోనే ఉన్నామని చెప్పండి" అన్నాడు. మా చిన్నోని తలకు చుట్టిన తువ్వాలు మాతోనే వచ్చినది. మరునాడు అవ్వ దాన్ని ఉతికి ఆరవేసి, నాలుగు జొన్నరొట్టెలూ పుంటికూరా అందులో మూట కట్టినది. "ఎటు పోతున్నవు?" అని నాయన అడ్డం నిలిచినాడు. "పిల్లలను బతికించిన చెయ్యి అది. బట్ట ఉత్తగ ఇయ్యొద్దు కొడుకా" అని ఆమె ఆ మూటతో మెట్లు దిగిపోయినది. తల్లీకొడుకులు వారం దినాలు సరిగా మాట్లాడుకోలేదు.

మా నాయనను తప్పు పట్టుట సులభం. ఆయన భయం ఏమిటో మా పెద్దక్క పెండ్లి చూపులనాడు తెలిసినది. నిజామాబాదు నుండి వచ్చినవారు అమ్మాయిని మెచ్చి, లాంఛనాలు గూడ మాట్లాడినారు. నాయన మామూలుగానే "బొంబాయి సెంట్రల్" అని ఉత్తరం వ్రాసి ఉన్నాడు. జాబులు గూడ స్టేషను దగ్గర మా బంధువు కిరాణా కొట్టు చిరునామాకే వచ్చేవి. చూపులు గూడ ఆ కొట్టు పైనున్న ఖోలీలోనే. కాని వాళ్ళు పోవునప్పుడు దారిలో ఎవరినో అడిగినారు. పది దినాలకు జాబు వచ్చినది, జాతకాలు కుదరలేదని. అక్క ఆ జాబు రెండుసార్లు చదివి, బీడీల చాటలో పెట్టి, పనిలో పడినది. పిమ్మట ఆమెను భివండీలో పవర్‌లూం నడిపే అబ్బాయికి ఇచ్చినాము. వాళ్ళ పెద్దలు మాకు రెండు గల్లీల అవతలనే ఉండి పోయినవారు. వారు చిరునామా అడుగలేదు.

1982 జనవరి 18న బొంబాయి మిల్లుల సమ్మె మొదలైనది. దత్తా సామంత్ వెనుక సుమారు రెండున్నర లక్షల మంది కార్మికులు పని విడిచినారు. నెల, రెండు నెలలు అనుకొన్నది ఏడాది దాటినది. సమ్మె ముగిసినదని ఎవరూ ప్రకటించనే లేదు. అది తనంతట తానే ఆరిపోయినది. అమ్మ పుస్తెలు తప్ప తక్కిన బంగారం మార్వాడీ కొట్టుకు చేరినది. చిన్నాయన సంసారంతో ఊరికి పోయినాడు, కొందరు భివండీ పోయినారు. నాయనను మిల్లువారు మరల పిలువలేదు. పొద్దున భోంగా మోగకపోయినా ఆయన ఆ వేళకే లేచి వసారాలో కూర్చుండేవాడు. అమ్మ బీడీలే మమ్ములను సాకినవి. తాత, అవ్వ ఆ తరువాత కొద్ది ఏండ్లకే ఒకరి వెనుక ఒకరు పోయినారు.

1990ల చివర ఒక వానాకాలంలో మా చాలు వసారా సగం కూలినది. దేవుని దయవలన ఎవరికీ ప్రాణహాని లేదు. మనుషులు ఉండదగదని కట్టడాన్ని పడగొట్టినారు. మాకు వేరొక చోట గది ఇవ్వవలెనంటే కిరాయిదారులమని రుజువు కావలెనన్నారు. మాకు ఏ కాగితం ఉన్నదా అని అందరము మొగాలు చూచుకొన్నాము. అప్పుడు అమ్మ అవ్వ రేకు పెట్టె తెరిచినది. అడుగున ఎర్ర గుడ్డలో తాత నాటి నుండి నెలనెలా కట్టిన కిరాయి రసీదులు, తేదీల వరుసన దారంతో కుట్టి ఉన్నవి. ప్రతి రసీదు మీద తాత పేరు, గల్లీ నంబరు, దాని కింద కామాఠిపురం. చదువు రాని అవ్వ ఒక్క కాగితం గూడ పారవేయలేదు.

నాయనతో మేమంతా ఆఫీసుకు పోయినాము. బల్ల వెనుక గుమాస్తా తల ఎత్తకుండానే "పత్తా?" అన్నాడు. నాయన కొంచెం సేపు ఊరకున్నాడు. పిమ్మట, చుట్టూ వరుసలో నిలబడినవారందరికీ వినపడేటట్లు, గల్లీ నంబరుతో సహా కామాఠిపురం అని చెప్పినాడు. ఆయన నోట పరాయివారి ముందర ఆ మాట మేము వినుట అదే మొదలు. గుమాస్తా వ్రాసికొని, తరువాతివానిని పిలిచినాడు. అంతే. ఏ ఆకాశమూ విరిగి పడలేదు.

మాకు గది దొరికినది, చాలా దూరాన. నాయన అక్కడ కొన్నేండ్లు బ్రతికినాడు. ఇప్పుడు మేము నలుగురము నాలుగు చోట్ల ఉన్నాము. వసాయిలో ఒకరు, భివండీలో అక్క, తక్కినవారు నవీ ముంబయిలో. మా చాలు ఉన్నచోట మేడ లేచినది. తక్కిన వాడను గూడ మొత్తంగా తిరిగి కట్టించవలెనని ఈ మధ్య ప్రభుత్వం సంకల్పించినది. పాత గదులలో ఇబ్బందులు పడినవారము కనుక కట్టవద్దని మేము అనము. పై అంతస్తులో వేరే నల్లా ఉన్న ఇల్లు ఎవరికి చేదు? కాని ఆ పేరు గూడ మేడలతో పాటు మారిపోతుందేమో అని మాత్రము బెంగ.

చదువరులకు మనవి ఒక్కటే. మీ ఇంట్లో గూడ అటక మీద ఇటువంటి రేకు పెట్టె ఉండే ఉంటుంది. ఒకమారు దింపి చూడండి. మీ తాతగారు ఏ గల్లీలో కిరాయి కట్టినారో, ఏ నాకా మీద నిలబడినారో పిల్లలకు చెప్పండి. నంబరుతో సహా చెప్పండి. మమ్ములను నీటిలో నుండి పైకి లాగిన ఆమె ఊరి పేరు మాకు ఎన్నటికీ తెలియలేదు. మా ఊరి పేరు మాత్రము ఆమె అడిగి తెలుసుకొన్నది.