నొప్పి పోయింది, ఇక పరిగెత్తొచ్చా?

పాదం ఎముక చిట్లాక పాతబస్తీలో మళ్లీ పరుగు మొదలుపెడుతున్నా. అందరూ అడిగేది ఒకటే: "నొప్పి లేదుగా, ఇంకా నడకేంటి?"

నొప్పి తగ్గడం వేరు, ఎముక అతకడం వేరు. రన్నర్లకి వచ్చే స్ట్రెస్ ఫ్రాక్చర్ మొదటి 2, 3 వారాలు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు కూడా. అతకడానికి మామూలుగా 6 నుంచి 8 వారాలు పడుతుంది. చిటికెన వేలి వెనకున్న పొడవాటి ఎముకైతే ఇంకా జాగ్రత్త. అందులో ఒకచోట రక్తం తక్కువ అందుతుంది, అతకడం ఆలస్యమవుతుంది.

డాక్టర్ సరే అన్నాక, ముందు 30 నిమిషాలు నొప్పి లేకుండా నడవాలి. తర్వాత 1 నిమిషం జాగింగ్, 2 నిమిషాలు నడక, అదీ రోజు విడిచి రోజు. చార్మినార్ చుట్టూ ఉన్న రాళ్ల మీద వద్దు, చదునైన మైదానం చూసుకోండి. వేలితో నొక్కితే ఎముక నొప్పెడుతోందా? ఆగిపోయి డాక్టర్‌కి చూపించండి.

ఈ రేస్ పోతే ఇంకోటి వస్తుంది. మళ్లీ విరిగితే మాత్రం వారాల లెక్క మొదటికొస్తుంది.