హాబీ ట్రావెలింగ్ అన్నారు కదా... ఏం చూశారు?

మీ రెజ్యూమె చివరి లైన్లు ఓసారి చూసుకోండి. హాబీలు అన్నచోట ట్రావెలింగ్ ఉంటుంది. పక్కనే సినిమాలు, సిరీస్‌లు చూడటం. నాదాంట్లో రెండూ ఉండేవి. డిగ్రీ అయ్యాక వెళ్లిన మొదటి ఇంటర్వ్యూలో సరిగ్గా అక్కడే వేలు పెట్టారు. ‘చివరిసారి ఎక్కడికెళ్లావు?’ గోవా అన్నాను. ‘ఏం గమనించావు?’ బాగా ఎంజాయ్ చేశాం సర్ అన్నాను. ‘ఇంకా?’ అన్నారాయన. ఇంకా ఏముంది, నా మొహం! గుటకలు మింగి బయటికొచ్చా. ఆ ఉద్యోగం రాలేదని వేరే చెప్పాలా?

ఆ డిసెంబర్లో ఫ్రెండ్, నేను ఒకే బైక్ మీద అనంతపురం నుంచి బయల్దేరాం. ‘మాల్గుడి డేస్’ తీసిన ఊళ్లు చూడ్డానికి. ఉద్యోగం వెతుక్కోరా అంటే సీరియల్ తీసిన ఊళ్లు వెతుక్కుంటావా అని అమ్మ కేకలేసింది. నాన్న మాత్రం ఏమీ అనకుండా పెట్రోలుకని వెయ్యి రూపాయలు చేతిలో పెట్టారు. దూరదర్శన్‌లో ఆ సీరియల్ చూసిన తరం ఆయనది. గడ్డం గీసుకుంటూ ఇప్పటికీ ఆ టైటిల్ ట్యూన్ ఈలేస్తారు. నేను చూసింది యూట్యూబ్‌లో.

మాల్గుడి ఏ మ్యాపులోనూ ఉండదు. ఆర్.కె. నారాయణ్ తన కథల కోసం కల్పించుకున్న ఊరది. ఆ కథల్ని 1986లో కన్నడ నటుడు, దర్శకుడు శంకర్‌నాగ్ టీవీకి తీశారు. లేని ఊరిని ఎక్కడ తీయాలి? ఇదీ ఆయన ముందున్న సమస్య. అంతకుముందు నారాయణ్ ‘గైడ్’ నవలను హిందీలో సినిమాగా తీసినప్పుడు, కథను దక్షిణాది మాల్గుడి నుంచి రాజస్థాన్‌కు పట్టుకుపోయారు. సినిమా పెద్ద హిట్. రచయితకు మాత్రం మింగుడుపడలేదు, దానిమీద ఘాటుగా ఓ వ్యాసమే రాశారు. లొకేషన్ మారితే ఏం పోతుందిలే అనుకునేవాళ్లకి ఈ సంగతి చెప్పండి.

కళ్యాణదుర్గం, చళ్లకెరె మీదుగా చిత్రదుర్గ చేరాం. అక్కడి నుంచి శివమొగ్గకు దగ్గరి దారి ఉన్నా, దావణగెరె హైవే ఎక్కాం. దారిలో ఆనగోడు వస్తుంది. శంకర్‌నాగ్ కారు ప్రమాదంలో చనిపోయింది ఆ ఊరి దగ్గరే. 1990 సెప్టెంబర్ 30. ఆయన వయసు 35. రోడ్డు పక్కన బండాపి కాసేపు నిలబడ్డాం. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

మర్నాడు పొద్దున అరసాళు. శివమొగ్గ- తాళగుప్ప రైలు మార్గంలో చిన్న స్టేషను. సీరియల్లో మాల్గుడి స్టేషను ఇదే. ఆ పాత భవనాన్ని రైల్వేశాఖ బాగుచేసి 2020లో మాల్గుడి మ్యూజియంగా మార్చింది. అందుకు సాయపడ్డ జాన్ దేవరాజ్ ఎవరో తెలుసా? ఆ సీరియల్‌కు ఆర్ట్ డైరెక్టర్‌గా పనిచేసినాయనే. అప్పట్లో చేసిన పని ముప్ఫై ఏళ్లు దాటాక మళ్లీ పిలిచి చేయించుకుందన్నమాట!

లోపల ఫొటోలు, బొమ్మలు చూసి అందరిలాగే సెల్ఫీలు దిగాం. తర్వాత మా ఫ్రెండ్‌కో ఆలోచనొచ్చింది. డౌన్‌లోడ్ చేసుకున్న ఎపిసోడ్ ఫోన్లో పెట్టి, సీన్‌ను ఆపుతూ, కెమెరా ఎక్కడ నిలబెట్టి ఉంటారో వెతకడం మొదలెట్టాం. ట్రిప్పు అప్పుడు మొదలైందంటాను నేను. కాలక్షేపం కాస్తా పనైపోయింది. ఎండ ఏ పక్క నుంచి పడుతోంది? కెమెరా కాస్త పక్కకి తిరిగితే ఏం కనిపించేసేది? మీరూ చేసి చూడండి. ఎపిసోడ్లు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, ఆ అడవిదారుల్లో సిగ్నల్‌ను నమ్మడానికి లేదు.

రిప్పన్‌పేట, తీర్థహళ్లి మీదుగా ఆగుంబె చేరేసరికి సాయంత్రం. మధ్యలో క్లచ్ వైరు తెగి, నాకొచ్చిన నాలుగు కన్నడ ముక్కలతో మెకానిక్‌ను బతిమాలుకోవడం మరో కథ. ఆగుంబెలో స్వామి ఇల్లుగా చూపించిన ‘దొడ్డమనె’ ఇంకా ఉంది. దొడ్డమనె అంటే పెద్దిల్లు. మధ్యలో మండువా, చుట్టూ నున్నటి కొయ్య స్తంభాలు. ఇప్పటికీ మనుషులు కాపురముంటున్న ఇల్లది, సెట్ కాదు. అడిగి, చెప్పులు విడిచి లోపలికెళ్లండి. రీల్స్ కోసం మెట్ల మీద గంతులేయకండి.

నాకు అసలు ఆశ్చర్యం వీధిలో కలిగింది. ఇంతేనా అనిపించేంత చిన్న వీధి. పెంకుటిళ్లు, అరుగులు. మధ్యలో గుర్రమ్మీద తెల్లదొర విగ్రహం చేసిపెట్టి ఓ పట్నాన్నే చూపించారు. పైగా ఇక్కడ ఏడాదికి సగటున 7 వేల మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. మా అనంతపురంలో 550 పడితే పండగ! అంటే వానాకాలం షూటింగ్ సంగతి మర్చిపోవాలి. మిగిలిన నెలల్లోనే ఆర్టిస్టుల డేట్లు కుదరాలి. యూనిట్‌కు పడకలు, భోజనాలు, జనరేటర్, ఊరివాళ్ల అనుమతి... ఆ రాత్రి ఇవన్నీ ఓ నోట్‌బుక్‌లో రాసుకున్నా. ఎందుకో అప్పుడు తెలీదు. నాలుగు రోజులకు ఇద్దరికీ కలిపి ఆరు వేల లోపే అయింది. ఆ లెక్కా అందులోనే ఉంది.

తర్వాతి ఇంటర్వ్యూ హైదరాబాద్‌లో యాడ్ ఫిల్ములు తీసే చిన్న ఆఫీసులో. మళ్లీ అదే ప్రశ్న. ఈసారి ఆగుంబె చెప్పాను. ‘అక్కడ మూడు రోజుల షూట్ పెడితే ఏ నెలలో పెడతావు?’ అన్నారు. జనవరి అన్నాను, ఎందుకో చెప్పాను. నోట్‌బుక్ చూపించమన్నారు. ప్రొడక్షన్ అసిస్టెంట్‌గా తీసుకున్నారు.

మా భాషలో ఈ పనిని రెక్కీ అంటారు. స్క్రిప్టు చేతికిస్తారు, దానికి సరిపోయే ఇల్లో వీధో వెతకాలి. ఫొటోలు తీయాలి, ఓనర్‌తో అద్దె మాట్లాడాలి, పోలీసు, మున్సిపాలిటీ పర్మిషన్లు తేవాలి. మొదట్లో జీతం తక్కువ, బత్తా లెక్కలే ఎక్కువ, తెల్లవారుజామున నాలుగింటికి కాల్‌టైమ్. గ్లామర్ ఉంటుందని మాత్రం రాకండి. ఈ పనికి ప్రత్యేకంగా డిగ్రీ అడగరు. బొమ్మలు వేయడం, ఆర్కిటెక్చర్ లాంటివి వచ్చినవాళ్లయితే పుణెలోని ఎఫ్‌టీఐఐలో ఆర్ట్ డైరెక్షన్, ప్రొడక్షన్ డిజైన్ కోర్సు చూడండి. ఊళ్లు తిప్పి చూపించడమే ఇష్టమైతే, ఐఐటీటీఎంకు నెల్లూరులోనే క్యాంపస్ ఉంది. టూరిజం చదువులు చెప్తారు.

మైసూరు యాదవగిరిలో నారాయణ్ కట్టుకున్న ఇంటిని 2016లో మ్యూజియం చేశారు. అదింకా బాకీ ఉంది. ఈసారి నాన్న కూడా వస్తానంటున్నారు. బైక్ మీద మాత్రం కాదట.