ఇంట్లో ఆర్కేడ్ క్యాబినెట్ చేయిస్తున్నారా? ప్లైవుడ్ కోయించే ముందే స్క్రీన్ సంగతి తేల్చుకోండి

ఇంట్లోనే ఒక ఆర్కేడ్ మెషిన్ తయారు చేసుకోవడం ఇప్పుడు మరీ కష్టమేం కాదు. ఒక రాస్ప్‌బెర్రీ పై గానీ, మూలన పడున్న పాత పీసీ గానీ ఉండాలి. దానికి తోడు జాయ్‌స్టిక్, బటన్ల కిట్, రెండు ప్లైవుడ్ షీట్లు, మన మాట వినే కార్పెంటర్ ఒకరు దొరికితే సగం పని అయిపోయినట్టే. రెట్రోపై, బటోసెరా లాంటి సాఫ్ట్‌వేర్లు ఫ్రీగానే దొరుకుతాయి. అయితే బటన్లు ఏ రంగువి కొనాలి, పక్కన ఏ స్టిక్కర్ వేయాలి అని వారాల తరబడి ఆలోచించే మనం, స్క్రీన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఇంట్లో ఉన్న టీవీ పెట్టేద్దాంలే" అనేస్తాం.

నేనూ అదే చేశాను. 32 అంగుళాల ఎల్‌ఈడీ టీవీకి సరిపోయేలా బాక్స్ చేయించాను. చూడ్డానికి బ్రహ్మాండంగా వచ్చింది. కానీ స్ట్రీట్ ఫైటర్ 2 ఆడుతూ మా తమ్ముడు పది నిమిషాల్లోనే "అన్నయ్యా, బటన్ లేటుగా పడుతోంది" అన్నాడు. బటన్లు మార్చాను. ఎన్‌కోడర్ బోర్డు మార్చాను. చివరికి తేలిందేంటంటే, తప్పు టీవీది. అప్పటికే చెక్క ఆ టీవీ సైజుకి కోసేసి ఉంది. మీకు ఆ తిప్పలు రాకూడదనే ఈ ఆర్టికల్.

ముందు ఆటల లిస్ట్ రాసుకోండి

ఏ స్క్రీన్ కొనాలన్నది మీ బడ్జెట్ కంటే ముందు మీరు ఆడబోయే ఆటలు డిసైడ్ చేస్తాయి. ఎందుకంటే పాత ఆర్కేడ్ ఆటలన్నీ ఒకే ఆకారంలో ఉండవు.

స్పేస్ ఇన్వేడర్స్ (1978), ప్యాక్‌మ్యాన్ (1980), గాలగా (1981), డాంకీ కాంగ్ (1981), 1942 (1984) లాంటివన్నీ నిలువు ఆటలు. అప్పట్లో మెషిన్‌లో మానిటర్‌ని పక్కకి తిప్పి నిలువుగా బిగించేవారు. స్ట్రీట్ ఫైటర్ 2 (1991), మోర్టల్ కాంబాట్ (1992), మెటల్ స్లగ్ (1996) అడ్డం ఆటలు. మన వీడియో గేమ్ షాపుల్లో అందరూ "ముస్తఫా" అని పిలుచుకున్న కాడిలాక్స్ అండ్ డైనోసార్స్ (1993) కూడా అంతే.

నిలువైనా అడ్డమైనా, వీటిలో బొమ్మ నిష్పత్తి 4:3. ఇప్పటి టీవీలు, మానిటర్లు ఎక్కువగా 16:9. స్క్రీన్ అంతా నిండాలని బొమ్మని సాగదీస్తే ర్యూ, కెన్ ఇద్దరూ పొట్ట పెంచుకున్నట్టు కనిపిస్తారు. కాబట్టి సాగదీయకండి. రెండు పక్కలా నల్లగా మిగిలినా పర్లేదు, అక్కడ ఆటకి తగ్గ డిజైన్ పెట్టుకోవచ్చు.

24 అంగుళాలు కొంటే 24 రావు

బాక్స్ మీద రాసిన సైజు మొత్తం స్క్రీన్‌ది. మీ ఆటకి దక్కేది అందులో ఒక భాగమే. లెక్క చూడండి.

24 అంగుళాల 16:9 మానిటర్ ఎత్తు దాదాపు 11.8 అంగుళాలు. అందులో 4:3 బొమ్మ మూల నుంచి మూలకి 19.6 అంగుళాలే వస్తుంది. 27 అంగుళాల మానిటర్‌లో 22, 32 అంగుళాల టీవీలో 26 అంగుళాలు వస్తుంది.

ఇక నిలువు ఆటల సంగతి. అదే 24 అంగుళాల మానిటర్‌ని అడ్డంగా ఉంచి ప్యాక్‌మ్యాన్ పెడితే మీకు మిగిలేది 14.7 అంగుళాల బొమ్మ. స్క్రీన్‌లో సగానికి పైగా వేస్ట్. మానిటర్‌ని నిలువుగా తిప్పితే అదే బొమ్మ 19.6 అంగుళాలకి పెరుగుతుంది.

ఇంకో చిన్న ఆశ్చర్యం. ఒకప్పుడు ఆఫీసుల్లో, ఇంటర్నెట్ సెంటర్లలో కనిపించిన 19 అంగుళాల చదరపు ఎల్‌సీడీలు గుర్తున్నాయా? వాటి నిష్పత్తి 5:4, రిజల్యూషన్ 1280 × 1024. అందులో 4:3 బొమ్మ పెడితే పైనా కిందా 32 పిక్సెల్స్ చొప్పున మాత్రమే నల్లగా మిగులుతుంది. బొమ్మ సైజు 18.5 అంగుళాలు. అంటే కొత్త 24 అంగుళాల మానిటర్‌కి, పాత 19 అంగుళాల దానికి తేడా ఒక అంగుళమే. పైగా క్యాబినెట్ వెడల్పు కూడా తగ్గుతుంది. సికింద్రాబాద్ సీటీసీ లాంటి కంప్యూటర్ మార్కెట్లలో సెకండ్ హ్యాండ్ మానిటర్ల కోసం అడిగేటప్పుడు వీటిని కూడా అడిగి చూడండి.

ప్యానెల్ ఏ రకమో అడగండి

ఆర్కేడ్ ముందు మనం నిలబడి ఆడతాం. స్క్రీన్ కొంచెం వెనక్కి వాలి ఉంటుంది. పక్కన ఫ్రెండ్ కూడా నిలబడతాడు. అంటే స్క్రీన్‌ని ఎవరూ సరిగ్గా ఎదురుగా చూడరు. అందుకే ఇక్కడ వ్యూయింగ్ యాంగిల్ చాలా ముఖ్యం.

టీఎన్ ప్యానెల్ చవక, రెస్పాన్స్ ఫాస్ట్. కానీ కింది వైపు నుంచి చూస్తే రంగులు తిరగబడతాయి. దాన్ని నిలువుగా తిప్పితే ఆ లోపం ఒక పక్కకి వస్తుంది. అప్పుడు ఒక ప్లేయర్‌కి బొమ్మ బాగుంటే, ఇంకో ప్లేయర్‌కి నల్లగా, వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. పైన చెప్పిన చదరపు మానిటర్లలో చాలావరకు టీఎన్ ప్యానెల్సే. అందుకే కొనే ముందు ఆన్ చేయించి, నాలుగు వైపుల నుంచీ చూడండి.

వీఏ ప్యానెల్‌లో నలుపు చాలా బాగుంటుంది, గాలగా లాంటి ఆటల్లో ఆకాశం నిజంగా చీకటిగా కనిపిస్తుంది. కానీ పక్క నుంచి చూస్తే రంగులు కొంచెం పాలిపోతాయి. ఐపీఎస్‌లో నలుపు కాస్త బూడిద రంగులో అనిపించినా, ఏ వైపు నుంచి చూసినా బొమ్మ మారదు. స్క్రీన్‌ని నిలువుగా పెట్టాలనుకుంటే కళ్లు మూసుకుని ఐపీఎస్ తీసుకోవచ్చు.

ఓఎల్ఈడీ అన్నిటికంటే అందంగా ఉంటుంది గానీ, స్కోరు, ప్యాక్‌మ్యాన్ గోడలు లాంటివి గంటల కొద్దీ కదలకుండా అక్కడే ఉంటాయి. బర్న్-ఇన్ భయం ఎక్కువ. పాత ప్యాక్‌మ్యాన్ మెషిన్ల గాజు తెరల మీద కూడా ఆ గోడల గీతలు శాశ్వతంగా పడిపోయేవి.

అసలు విలన్: ఇన్‌పుట్ లాగ్

మీరు బటన్ నొక్కిన దగ్గర్నుంచి స్క్రీన్ మీద అది కనిపించే దాకా పట్టే టైమే లాగ్. 60 హెర్ట్జ్ స్క్రీన్‌లో ఒక ఫ్రేమ్ అంటే 16.7 మిల్లీసెకన్లు. టీవీ ఒక్కటే 50 మిల్లీసెకన్లు తినేస్తే మీ దెబ్బ మూడు ఫ్రేములు ఆలస్యంగా పడుతుంది. సినిమా చూసేవాడికి ఇది తెలియదు. ఫైటింగ్ గేమ్ ఆడేవాడికి మాత్రం వెంటనే తెలిసిపోతుంది.

టీవీలు ఇలా ఎందుకు చేస్తాయి? వచ్చిన బొమ్మని నున్నగా చేయడానికి, కదలికని మెత్తగా చూపించడానికి, రంగులు పెంచడానికి అవి కొన్ని ఫ్రేములు పట్టి ఉంచుకుంటాయి. గేమ్ మోడ్ ఆన్ చేస్తే ఈ హంగామా చాలావరకు ఆగుతుంది. కంప్యూటర్ మానిటర్లలో మొదటి నుంచీ ఈ గోల తక్కువ.

బాక్స్ మీద "1 ఎంఎస్" అని రాసి ఉంటే అది లాగ్ కాదు. అది పిక్సెల్ రంగు మారే వేగం. రెండూ వేరు వేరు, కన్‌ఫ్యూజ్ అవ్వొద్దు.

మీ స్క్రీన్ లాగ్ ఎంతో మీరే కొలవొచ్చు. మీ ఫోన్‌లో 240 ఎఫ్‌పీఎస్ స్లో మోషన్ ఉంటే చాలు. బటన్, స్క్రీన్ రెండూ కనిపించేలా ఫోన్ పెట్టి రికార్డ్ చేస్తూ బటన్ నొక్కండి. తర్వాత వీడియోని ఫ్రేమ్ ఫ్రేమ్‌గా జరుపుతూ, వేలు బటన్‌ని కిందికి నొక్కినప్పటి నుంచి స్క్రీన్ మీద బొమ్మ కదిలే దాకా ఎన్ని ఫ్రేములో లెక్కపెట్టండి. ఒక్కో ఫ్రేమ్ 4.2 మిల్లీసెకన్లు. ఇందులో ఆటకి, సాఫ్ట్‌వేర్‌కి ఉండే ఆలస్యం కూడా కలిసే ఉంటుంది. అందుకే ఒక్క నంబర్ చూసి తీర్పు చెప్పకండి. అదే సెటప్‌కి వేరే స్క్రీన్ తగిలించి మళ్లీ కొలవండి. తేడా అంతా స్క్రీన్‌దే.

మా టీవీ దొంగతనం ఇలాగే బయటపడింది. గేమ్ మోడ్ పెట్టగానే ఫ్రేముల లెక్క దాదాపు సగానికి పడింది. ఒక పాత మానిటర్ తగిలిస్తే ఇంకా తగ్గింది. పాపం, మార్చి పడేసిన బటన్లలో ఏ తప్పూ లేదు.

4కే అవసరమా?

అవసరం లేదు. స్ట్రీట్ ఫైటర్ 2 అసలు రిజల్యూషన్ 384 × 224. ప్యాక్‌మ్యాన్‌ది 224 × 288. ఇంత చిన్న బొమ్మని పెద్దది చేసేటప్పుడు సరిగ్గా ఇన్ని రెట్లు అని పూర్తి సంఖ్యలో పెంచితే పిక్సెల్స్ అన్నీ సమానంగా, పదునుగా వస్తాయి. నాలుగున్నర రెట్లు లాంటి లెక్కలో కొన్ని పిక్సెల్స్ లావుగా, కొన్ని సన్నగా వస్తాయి.

240 లైన్ల బొమ్మ 1080 లైన్ల స్క్రీన్‌లో నాలుగున్నర రెట్లు అవుతుంది. 1200 లైన్ల స్క్రీన్‌లో సరిగ్గా ఐదు రెట్లు, 1440లో ఆరు రెట్లు. ప్యాక్‌మ్యాన్ 288 లైన్లు కూడా 1440లో సరిగ్గా ఐదు రెట్లే. అందుకే పాత 1600 × 1200 మానిటర్లకి ఆర్కేడ్ బిల్డర్లలో ఇంత డిమాండ్. డెల్ 2007ఎఫ్‌పీ అలాంటిదే: 20.1 అంగుళాలు, పక్కా 4:3. మంచి కండిషన్‌లో కనిపిస్తే వదలకండి. అయినా 1080 స్క్రీన్ ఉంటే బాధపడక్కర్లేదు. నాలుగు రెట్లకే ఆపి చుట్టూ కొంచెం నలుపు వదిలేయొచ్చు, లేదా పాత టీవీ గీతల్లా చూపించే షేడర్ వాడొచ్చు.

రిఫ్రెష్ రేట్ సంగతి కూడా ఒక మాట. మోర్టల్ కాంబాట్ 60 హెర్ట్జ్‌లో కాదు, దాదాపు 54.7 హెర్ట్జ్‌లో నడుస్తుంది. మామూలు 60 హెర్ట్జ్ స్క్రీన్ మీద అప్పుడప్పుడు చిన్న కుదుపు కనిపిస్తుంది. లోపల పీసీ వాడుతుంటే ఫ్రీసింక్ ఉన్న మానిటర్ తీసుకోండి, ఆట వేగానికి స్క్రీనే సర్దుకుంటుంది.

మరి పాత డబ్బా టీవీ?

నిజం చెప్పాలంటే, ఈ ఆటలు పుట్టిందే సీఆర్‌టీ కోసం. ఆ మెరుపు, ఆ గీతలు, లాగ్ దాదాపు లేకపోవడం ఇంకెందులోనూ పూర్తిగా రావు. రాస్ప్‌బెర్రీ పై 4 ఆడియో జాక్ నుంచి కాంపోజిట్ వీడియో వస్తుంది, సెట్టింగ్స్‌లో ఆన్ చేసుకోవాలి. పై 5లో ఆ జాక్ లేదు. టీవీ 60 హెర్ట్జ్ సిగ్నల్ తీసుకుంటుందో లేదో ముందే చూసుకోండి, ఎందుకంటే మన పాత టీవీలు పాల్ పద్ధతిలో 50 హెర్ట్జ్ ప్రసారాల కోసం చేసినవి.

ఒక్క హెచ్చరిక మాత్రం సీరియస్‌గా తీసుకోండి. కలర్ సీఆర్‌టీ లోపల 20 వేల వోల్టులకు పైగా ఉంటుంది. ప్లగ్ పీకేసినా ఛార్జ్ మిగిలే ఉండొచ్చు. యూట్యూబ్ చూసి డబ్బా విప్పకండి. పెట్టాలనుకుంటే డబ్బాతో సహా క్యాబినెట్‌లో పెట్టండి. బరువుకి తగ్గ అర వేయించి, వెనక గాలి ఆడే దారి వదలండి.

కొనే ముందు మూడు చెకింగ్‌లు

ఒకటి, కరెంటు టెస్ట్. స్క్రీన్ ఆన్‌లో ఉండగా ప్లగ్ పీకి మళ్లీ పెట్టండి. దానంతట అదే ఆన్ అవ్వాలి. స్టాండ్‌బైలో ఆగిపోయే స్క్రీన్ అయితే, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ క్యాబినెట్ వెనక చెయ్యి దూర్చాల్సిందే.

రెండు, వెనక వీసా రంధ్రాలు. 75 లేదా 100 మిల్లీమీటర్ల చదరంలో నాలుగు స్క్రూ రంధ్రాలు ఉంటే బిగించడం తేలిక. తిప్పి బిగించడం ఇంకా తేలిక.

మూడు, పోర్టులు. డీవీఐ ఉంటే చవకైన హెచ్‌డీఎంఐ అడాప్టర్ చాలు. వీజీఏ ఒక్కటే ఉంటే కన్వర్టర్ కావాలి. స్పీకర్లు ఎలాగూ విడిగా పెట్టుకోవాలి.

ఫైనల్‌గా ఏది?

ఫైటింగ్, ముస్తఫా లాంటి ఆటలే ఎక్కువైతే: 24 లేదా 27 అంగుళాల ఐపీఎస్ మానిటర్, అడ్డంగా. ప్యాక్‌మ్యాన్, గాలగా, 1942 మీ ప్రాణమైతే: ఐపీఎస్ మానిటర్, నిలువుగా. రెండూ కావాలి, బడ్జెట్ తక్కువ అంటే: పాత 4:3 లేదా 5:4 మానిటర్, అడ్డంగా. నిలువు ఆటలు అందులో చిన్నగా వచ్చినా 16:9 అంత వేస్ట్ ఉండదు. ఇంట్లో ఉన్న టీవీనే వాడక తప్పదంటే: గేమ్ మోడ్ ఉందో లేదో చూసి, ఫోన్‌తో లాగ్ కొలిచాకే.

చివరిగా ఒక పని చేయండి. ఎంచుకున్న స్క్రీన్‌ని టేబుల్ మీద ఆ ఎత్తులోనే వెనక్కి వాల్చి పెట్టి, చుట్టూ అట్టపెట్టె ముక్కలు నిలబెట్టి, ఒక గంట నిలబడి ఇద్దరూ ఆడండి. పక్కన ఆడేవాడు "బటన్ లేటు", "నాకు సరిగ్గా కనపడట్లేదు" అనకపోతే అప్పుడు కార్పెంటర్‌కి ఫోన్ చేయండి. అట్ట అయితే ఎన్నిసార్లైనా కోయొచ్చు, ప్లైవుడ్ అలా కాదు.