బస్సు దూరం... పరుగు దూరం!

సూర్యాపేటలో బస్సెక్కితే మునగాల మీదుగా కోదాడకు సుమారు 44 కిలోమీటర్లు. మారథాన్ 42.195 కిలోమీటర్లు. అంటే దాదాపు ఆ దారంతా పరుగెత్తడమే! ఉత్సాహం ఉంది కదాని నెలరోజుల్లో దిగిపోతే మోకాళ్లు ఒప్పుకోవు. ముందు 5, తర్వాత 10, ఆపైన 21... అలా మెట్టుమెట్టుగా వెళ్లాలి.

ఏ పరుగుకు పేరివ్వాలన్నదీ ముఖ్యమే. 2011లో మొదలైన హైదరాబాద్ మారథాన్ జరిగేది ఆగస్టులో. దారిలో ఫ్లైఓవర్లు. పైగా సాధన మండుటెండల్లోనే మొదలుపెట్టాలి. జనవరిలో జరిగే ముంబయి మారథాన్‌కైతే చివరి నెలల సాధన చలికాలంలో సాగుతుంది. కొత్తవారికి అదే నయం.

సాధనకు లారీలు దూసుకొచ్చే హైవే వద్దు. తెల్లవారుజామున కాలువ గట్టో, బడి మైదానమో చాలు. వారానికో దూరపు పరుగు, మర్నాడు విశ్రాంతి. చివరి రెండు మూడు వారాలూ దూరం తగ్గించాలి. గుండెజబ్బు, మధుమేహం ఉన్నవాళ్లు డాక్టరును అడిగాకే బూట్లు తొడగాలి.