చచ్చిపోయిన నాడీకణాలు ఎక్కడికి పోతాయి?

కోడిపెట్ట పొదిగితే గుడ్డులోంచి పిల్ల ఎన్నో రోజున బయటికి వస్తుందో మీకు తెలుసు. ఇరవై ఒకటో రోజున. ఈ 21 రోజులూ గుడ్డు లోపల ఏం జరుగుతూ వుంటుంది? "పిల్ల పెరుగుతూ వుంటుంది" అంటారు మీరు. నిజమే. కాని అదే సమయంలో ఆ పిల్ల ఒంట్లో వేలకొద్దీ కణాలు చచ్చిపోతూ కూడా వుంటాయి. అవి జబ్బుపడ్డ కణాలూ కావు, ముసలి కణాలూ కావు. నిన్నమొన్న పుట్టిన నాడీకణాలు!

నమ్మశక్యంగా లేదు కదూ? శాస్త్రజ్ఞులకి కూడా ఈ సంగతి వెంటనే తట్టలేదు.

విక్టర్ హాంబర్గర్ అనే శాస్త్రజ్ఞుడు కోడిపిండంలో రెక్క మొలవబోయే మొగ్గను కోసేసి, తర్వాత ఏమవుతుందో చూశాడు. ఆ వైపు వెన్నుపాములో నాడీకణాలు బాగా తక్కువగా కనిపించాయి. రెక్క నుంచి కబురు అందలేదు కాబట్టి అక్కడ నాడీకణాలు తయారే కాలేదని ఆయన 1934లో రాశాడు.

ఈ వ్యాసం ఇటలీలో రీటా లెవీ-మొంతాల్చీనీ అనే యువతి చదివింది. ఆమె యూదురాలు. 1938లో ముస్సోలినీ ప్రభుత్వం చేసిన చట్టాల వల్ల ఆమెకు విశ్వవిద్యాలయంలో చోటు లేకుండా పోయింది. ఏం చేసిందో తెలుసా? ట్యూరిన్ నగరంలో తన పడకగదిలోనే ప్రయోగశాల పెట్టుకుంది. కుట్టుసూదులను నూరి పనిముట్లు చేసుకుంది. బాంబులు పడటం మొదలయ్యాక పల్లెకు మకాం మార్చి, అక్కడ రైతుల దగ్గర గుడ్లు సేకరించి పని సాగించింది. ఒక్కొక్క వయసు పిండాన్ని తీసి, పలచని పొరలుగా కోసి, సూక్ష్మదర్శిని కింద కణాలను లెక్కపెట్టింది. నాడీకణాలు పుట్టకపోవడం కాదు, మామూలుగానే పుట్టాయి. తర్వాత చచ్చిపోయాయి!

యుద్ధం ముగిశాక హాంబర్గరే ఆమెను అమెరికాకు పిలిపించాడు. (తన అభిప్రాయం తప్పన్న మనిషిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకోవడం అందరూ చేసే పని కాదు.) 1949లో ఇద్దరూ కలిసి ప్రకటించిన విషయం మరీ విచిత్రమైనది. ఎవరూ కత్తి పెట్టని మామూలు పిండంలో కూడా, వెన్నుపాము పక్కనుండే నాడీగ్రంథుల్లో కణాలు గుంపులు గుంపులుగా చనిపోతున్నాయి. చాలా ఏళ్ళ తర్వాత, 1975లో, కాలి కండరాలకు పోయే నాడీకణాలను హాంబర్గర్ లెక్కపెడితే, పుట్టినవాటిలో సుమారు 40 శాతం మిగల్లేదు.

ఎందుకింత దుబారా? పెరట్లో ఆనపపాదు పెట్టేటప్పుడు మీ అమ్మ ఒకే గింజ పాతిపెడుతుందా? నాలుగు పాతి, గట్టిగా వచ్చిన మొక్కను వుంచుతుంది. పిండం కూడా నాడీకణాలను కావలసినవాటికన్నా ఎక్కువే పుట్టిస్తుంది. అవి పోయి చేరవలసిన కండరమో చర్మమో ఒక పోషకపదార్థాన్ని కొద్దికొద్దిగా తయారుచేస్తుంది. అది అందిన కణం బతుకుతుంది, అందనిది చస్తుంది. అలాంటి పదార్థాన్ని మొదట కనిపెట్టినందుకే రీటాకు 1986లో స్టాన్లీ కోహెన్‌తో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

సరే. మరి ఇన్ని కణాలు చస్తే, శవాలేవీ?

అసలు చిక్కంతా అక్కడే వుంది. ఏ క్షణంలో చూసినా సూక్ష్మదర్శినిలో కనిపించే చచ్చిన కణాలు బహుకొద్ది. ఎందుకంటే, చచ్చిన కణం కొద్ది గంటల్లోనే మాయమైపోతుంది. ఊడ్చేవాళ్ళు అంత చురుకైనవాళ్ళు కాబట్టే ఇంత పెద్ద చావు అంతకాలం ఎవరి కంటా పడలేదు!

ఆ ఊడ్చేవాళ్ళే గ్లియా కణాలు. 'గ్లియా' అంటే గ్రీకుభాషలో బంక. నాడీకణాలను అతికించి వుంచే బంక లాంటిదనుకుని, 1856లో విర్కో అనే జర్మన్ వైద్యుడు దీనికి ఆ పేరు పెట్టాడు. ఆ బంకలో రకరకాల కణాలున్నాయని తర్వాత తేలింది. 1919లో స్పెయిన్ దేశస్థుడు రియో ఒర్తేగా, వెండి లవణంతో రంగు వేసి, చిన్న ఒళ్ళూ కొమ్మల్లాంటి చేతులూ వున్న కణాలను విడిగా గుర్తించాడు. వీటికి మైక్రోగ్లియా అని పేరు. తమాషా ఏమిటంటే, ఇవి నాడీకణాలకు చుట్టాలు కావు. పిండానికి బయట వుండే సొనసంచిలో పుట్టి, మెదడుకు వలస వచ్చి స్థిరపడతాయని 2010లో ఎలుకలలో రుజువైంది.

చచ్చేకణాన్ని ఇవి ఎలా గుర్తుపడతాయి? కణంపొరకు రెండు వరసలుంటాయి. ఫాస్ఫాటిడిల్‌సెరీన్ అనే కొవ్వుపదార్థం మామూలుగా లోపలి వరసలో దాగి వుంటుంది. చావు మొదలైన కణంలో అది బయటి వరసకు వచ్చేస్తుంది, చొక్కా తిరగేసి తొడుక్కున్నట్టు. అదే "నన్ను తినెయ్" అనే గుర్తు. గ్లియాకణం తన పొరమీద వుండే గ్రాహకాలతో దాన్ని పట్టుకుని, పొరను చుట్టూ చాపి, మొత్తంగా మింగేస్తుంది. లోపల జీర్ణరసాలు నిండిన లైసోసోములనే సంచులు దాన్ని కరిగించేస్తాయి. ఆలస్యమైతే ప్రమాదం. శవం పగిలి, లోపలి రసాలు కారి, పక్కనున్న మంచి కణాలను కూడా పాడుచేస్తాయి.

2008లో జర్మనీలో పెరీ, న్యూస్లైన్-ఫోల్‌హార్డ్ అనే ఇద్దరు స్త్రీలు జీబ్రాచేప పిల్లల్లో ఈ భోజనాన్ని సినిమా తీశారు. ఆ పిల్లల ఒళ్ళు గాజులా వుంటుంది కాబట్టి బతికుండగానే మెదడు కనిపిస్తుంది. ఒక జన్యువును పనిచేయకుండా చేస్తే మైక్రోగ్లియా మింగాయి గాని అరిగించుకోలేకపోయాయి. పొట్టనిండా నాడీకణాలతో ఉబ్బి కూర్చున్నాయి!

రీటా చూసిన నాడీగ్రంథుల్లాంటి చోట ఊడ్చేవాళ్ళు వేరే. ఎలుకపిండాల గ్రంథుల్లో నాడీకణాలను అంటిపెట్టుకుని వుండే లేత గ్లియాకణాలే ఎక్కువభాగం శవాలను మింగుతున్నాయని 2009లో తెలిసింది. అవి వాడే గ్రాహకానికి బంధువు ఈగ గ్లియాలోనూ వుంది. దాని పేరు డ్రేపర్. నులిపురుగులోనూ వుంది. అక్కడ దాన్ని సెడ్-1 అంటారు.

నులిపురుగంటే మన కడుపులో వుండేది కాదు, మట్టిలో బతికే ఒక మిల్లీమీటరు ప్రాణి, సీ. ఎలెగన్స్. దాని ఒంట్లో 1090 కణాలు పుడితే సరిగ్గా 131 చచ్చిపోతాయి. వాటిలో చాలాభాగం నాడీకణాలు కావలసినవే. ప్రత్యేకంగా ఊడ్చేవాళ్ళు దానికి లేరు. పక్కింటి కణమే గంటలోపు తినేస్తుంది.

ఈ పురుగులోనే 2001లో ఒక వింత బయటపడింది. మింగే జన్యువులు చెడిపోయిన పురుగుల్లో, చావు మొదలైన కణాలు కొన్ని కోలుకుని బతికాయి! అంటే పక్కకణం శవం కోసం కాచుకుని కూర్చోవడం లేదు, ఊగిసలాడుతున్న కణాన్ని అవతలికి తోస్తోంది కూడానన్నమాట. ఎలుక చిన్నమెదడు ముక్కల్లోంచి మైక్రోగ్లియాను తీసేస్తే పర్కింజీ కణాలనే పెద్ద నాడీకణాలు తక్కువగా చనిపోతాయని 2004లో ఫ్రాన్సులో చూశారు.