తాండా బడిలో గురువు నేర్వవలసిన పాఠము

కదిరి ప్రాంతమున సుగాలీల తాండాలు పెక్కు గలవు. అచ్చటి బిడ్డ తల్లిని 'యాడి' యనును. రొట్టెను 'బాటి' యనును. నీటిని 'పాణి' యనును. బడిలో చేరిన తొలిదినమున గురువు తెలుగున ప్రశ్నింపగా ఆ బిడ్డ మిన్నకుండును. ఆ మౌనమును మనము మందబుద్ధి యని తలంతుము. ఆ పొరపాటు మనది.

భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధన కనువు కల్పింపవలెనని రాజ్యాంగమున 1956లో చేరిన 350 ఎ అధికరణము చెప్పుచున్నది. 2004లో ఆంధ్రప్రదేశమున ఎనిమిది గిరిజన భాషలలో అట్టి బోధన ఆరంభమైనది. అందు బంజారా, అనగా సుగాలీల భాషయు నొకటి. దానికి వేరు లిపి లేనందున పాఠ్యపుస్తకములు తెలుగు లిపిలోనే వెలువడినవి.

అయినను పుస్తక మొక్కటియే చాలదు. బోధించువారమగు మనము ముందుగా తాండాకు పోయి నేర్చుకొనవలెను. తీజ్ పండుగకు సుగాలీ కన్నెలు బుట్టలలో గోధుమలు చల్లి, తొమ్మిది దినములు నీరు పోసి మొలకలు పెంతురు. విత్తనము మొలకెత్తు విధమును బోధించుట కింతకంటె తగిన పాఠ మేది? అవ్వలు కుట్టు అద్దాల రవికలలో త్రికోణములు, చతురస్రములు కన్నుల యెదుటనే యున్నవి. ఉపాధ్యాయ శిక్షణలో కొన్ని దినములైనను ఆ యవ్వల చెంత గడుపుట మేలు.

ఇంటి భాషను విడనాడుమన్న బడికి బిడ్డ దూరమగును. గురువు నోట 'యాడి' యను మాట విన్న బిడ్డ తానును నోరు విప్పును. ఆపై తెలుగు నేర్పుట మనకు సుకరమగును.