చేట పక్కన మేక

బోధన్ చుట్టుపక్కల ఏ వాడకైనా మధ్యాహ్నం పూట పోయి చూడండి. ఒళ్లో చేట, చేటలో కత్తిరించిన తునికాకు, తంబాకు. బీడీలు చుట్టే ఆడవాళ్ల చేతులు ఆగవు. నాలుగడుగుల దూరంలో వేపచెట్టుకు మేక. తొక్కిన మేతను అది ముట్టదు, అందుకే తుమ్మమండను మూతి ఎత్తున వేలాడగడతారు. ముందుకాళ్లు లేపి, ముల్లు తప్పించి, ఒక్కో ఆకునే పెదవితో దూసుకుంటుంది.

బీడీల పని నెలంతా దొరకదు. పని లేని రోజుల్ని ఈ మేకే గట్టెక్కిస్తుంది. చూలు అయిదు నెలలు. చాలాసార్లు కవల పిల్లలు. పెంటిపిల్లను ఉంచుకుంటారు, పోతును పెంచి అమ్ముతారు. ఆసుపత్రి ఖర్చో, బడి ఫీజో ముంచుకొస్తే వడ్డీవ్యాపారి గడప తొక్కకుండా కాపాడేది ఆ పోతే. బ్యాంకు చేరాలంటే పడవ ఎక్కాల్సిన సుందరవనాల దీవుల్లో బ్లాక్ బెంగాల్ మేకను ఆడవాళ్లు సాకేదీ ఇందుకే.

ఇక్కడి దీవి వేరు, వరి పొలాల నీళ్ల మధ్యది. 1931 నాటికి పూర్తయిన నిజాంసాగర్ మంజీర నీళ్లను ఈ నేలకు మళ్లించింది. ఆ నీటితో చెరకు, చెరకుతో శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ వచ్చాయి. చెరకు నరికే కాలంలో పచ్చి మొవ్వాకు మేకలకూ అందేది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది, తోటలు చాలావరకు వరి మళ్లయ్యాయి. వరిగడ్డి బర్రెకు పనికొస్తుంది, మేకకు ఆకు కావాలి. రెండు కార్లూ నీళ్లు నిలిచే పొలాల మధ్య దానికి మిగిలింది కాల్వగట్టు, రోడ్డంచు, గుట్టవార. గట్టు దిగితే బందెలదొడ్డి, ప్రభుత్వం హరితహారంలో నాటిన మొక్క కొరికితే జరిమానా. నాకు ఇది అన్యాయంగానే తోస్తుంది: మేపుకునే బంజరును ఊరు పోగొట్టుకుంది, తప్పు మేకది అంటున్నాం.

అమ్మకంలోనూ మేకను సాకే ఆమెకే నష్టం. బక్రీదుకు ఏడాది నిండిన పోతు కావాలి. వర్ని దగ్గరి బడాపహాడ్ దర్గాలో మొక్కు తీర్చేందుకు కందూరు చేసేవాళ్లూ కొంటారు. వ్యాపారి నోరు తెరిచి పళ్లు చూస్తాడు, నడుము పట్టి చూస్తాడు, బరువు అతని చేతికి తెలుస్తుంది. ఆమెకు తెలియదు. ప్రతి అంగడిలో ఒక కాంటా పెడితే ఈ తేడా సగం పోతుంది.

ప్రభుత్వ సాయమూ ఆమెదాకా రాదు. 2017లో రాష్ట్రం 75 శాతం సబ్సిడీతో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున గొల్ల, కురుమలకు ఇచ్చింది. ఆ లెక్కలో మేక లేదు. జాతీయ పశుధన మిషన్‌లో ఉంది, కానీ అతి చిన్న యూనిట్టే 100 ఆడవి, 5 పోతులు. నాలుగు మేకలున్న మనిషి ఏ దరఖాస్తు నింపాలి?

ఆమె మొదట అడిగేది డబ్బు కూడా కాదు, సూది. పీపీఆర్ రోగం వస్తే మంద తుడిచిపెట్టుకుపోతుంది. ఒక్కసారి టీకా వేయిస్తే దాదాపు మూడేళ్లు భయం లేదు. కానీ ఒక్కో సీసాలో పదుల డోసులుంటాయి, మందు కలిపాక గంటల్లోనే వాడేయాలి. నాలుగు మేకల కోసం ఎవరూ సీసా తెరవరు, వాడంతా ఒక్కచోటికి చేరాలి. టీకా వేసేవాళ్లు పొద్దెక్కాక వస్తే మేకలు గుట్ట మీద, ఆడవాళ్లు బీడీలు అప్పగించే కార్ఖానా వరుసలో ఉంటారు. పశువైద్య సిబ్బంది తెల్లవారగానే, ఇంకా కట్టు విప్పకముందే రావాలి.